సందులో చక్రాల జాడలు

"మూడు కొట్టేసరికి సార్జెంటు నా జీపులో ఉంటాడు మేడమ్. ఈలోగా మీరేం ఊడబొడుస్తారో ఊడబొడవండి."

ఇన్‌స్పెక్టర్ ఆ మాటంటూ గోడ గడియారం వైపు చూపించాడు. రెండుంపావయింది. పిన్ని గడియారం చూడలేదు, అతని బూట్ల వైపు చూసింది. బూట్ల అంచులకి తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"గోడౌన్లోకి ఎంత లోపలిదాకా వెళ్లావు?"

"సందు మొదటిదాకా. లోపల జాడలున్నాయి, చెరిగిపోతాయని తాడు కట్టించాను. ఆ మాత్రం నాకూ తెలుసు."

"తెలిస్తే సంతోషమే" అంది పిన్ని.

ఆమెకి ఆ పేరు పెట్టింది చుట్టాలు కాదు, దొంగలు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొట్టకుండా, తిట్టకుండా, అడిగిందే మళ్లీ అడిగి ప్రాణం తీసేది. చివరికి వాళ్లే "చెప్పేస్తాను పిన్నీ, వదిలెయ్" అనేవారు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా పేరు మాత్రం వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఆమె తేల్చిన కేసుకి పతకం అతనికొచ్చింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే, అందుకే ఇద్దరికీ క్షణం పడదు.

ఇప్పుడు ఇద్దరూ నిలబడింది డేరాలు, స్ట్రెచర్ గుడ్డలు కుట్టే షెడ్డులో. దీని యజమాని సార్జెంటు. మందుపాతర మీద కాలు పెట్టి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు, చక్రాల కుర్చీలో కూర్చునే ఈ షెడ్డు నిలబెట్టాడు. యుద్ధంలో అంగవైకల్యం వచ్చినవాళ్లు సొంతంగా నడిపే కంపెనీలకి ప్రభుత్వం కొన్ని కాంట్రాక్టులు విడిగా పెట్టింది. వాటికి అర్హత రావాలంటే కంపెనీ పేరుకే కాదు, పనికి కూడా ఆ సైనికుడి చేతిలోనే ఉందని తనిఖీ కమిటీ కళ్లారా చూడాలి. ఆ కమిటీ ఇవాళ నాలుగింటికి వస్తోంది. ఆ వేళకి సార్జెంటు తన కుర్చీలో లేకపోతే అర్హత పోయినట్టే. ఆర్డరు వస్తుందన్న ఆశతో జీతం ఆలస్యమైనా మానకుండా వస్తున్న పాతిక మంది కుట్టుపనివాళ్ల ఆశా పోయినట్టే.

ఇలాంటి సైనికుల చెయ్యి పట్టుకుని అర్హత దాకా నడిపించే మనిషి ఒకావిడ ఉంది. మిలటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. నిన్న సాయంత్రం ఈ షెడ్డు వెనక గోడౌన్లో, అరల మధ్య సందులో, పై అరలోంచి బరువైన కాన్వాస్ చుట్ట ఆమె నెత్తిన పడింది. ఇంకా కళ్లు తెరవలేదు. సార్జెంటు భార్య పొద్దున్నే పిన్ని ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా ఆయన ఆవిడ మీద చెయ్యెత్తే మనిషి కాదు పిన్నిగారూ" అని ఒకటే ఏడుపు.

ఇన్‌స్పెక్టరుది మరో లెక్క. అతను బినామీ కంపెనీలు పట్టుకోవడంలో ఆరితేరినవాడు. కాళ్లు లేని సైనికుణ్ణి ముందు కూర్చోబెట్టి, వెనకనుంచి ఏ పెద్ద కాంట్రాక్టరో నడిపించే కంపెనీలు చాలా చూశాడు, ఇదీ అదే బాపతని తేల్చేసుకున్నాడు. సిస్టర్‌కి గుట్టు తెలిసింది, సార్జెంటు ఆమె వెనకే సందులోకి వెళ్లి, పై అరల్లోని చుట్టలు లాగడానికి రోజూ వాడే కొక్కెం కర్రతో ఒకదాన్ని ఆమె మీదికి లాగేశాడు. ఇదీ అతని వాదన.

పిన్ని ముందు సార్జెంటు గదిలోకి వెళ్లింది. గుమ్మంలో కానిస్టేబులు. సార్జెంటు కిటికీ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి.

"సిస్టర్ నిన్న వస్తున్నట్టు మీకు తెలుసా?"

"లేదమ్మా. ఇవాళ పొద్దున వస్తానంది. కమిటీ రాకముందు తనే కమిటీలా వచ్చి ఉత్తుత్తి తనిఖీ చేస్తుందట. ఆవిడంతే, చెప్పిన రోజుకి ముందు రోజు ఊడిపడుతుందని విన్నాను. సర్దిపెట్టిన షెడ్డు చూస్తే ఏం తెలుస్తుంది అంటుందట."

"చుట్ట పడ్డప్పుడు మీరెక్కడున్నారు?"

"కుట్టు హాల్లో. అందరూ వెళ్లిపోయారు. ఒక మిషన్లో షటిల్ ఇరుక్కుంది, దాన్ని విప్పుతూ ఉండిపోయాను."

"మామూలుగా ఆ వేళకి ఎక్కడుంటారు?"

"వెనక సందులో. పనివాళ్లు వెళ్లాక నేనొక్కణ్ణే వెళ్లి సరుకు చూసుకుంటాను."

"ఎవరికి తెలుసది?"

"షెడ్డులో పిల్లిక్కూడా తెలుసు."

పిన్ని ఇంకోసారి అడిగింది. ఇంకోసారీ అదే చెప్పాడు. పెద్ద మోత వినిపించి గోడౌన్ వైపు కుర్చీ తోసుకుంటూ వెళ్లేసరికి, మేనేజరుగా ఉన్న బావమరిది సిస్టర్‌ని చేతుల మీద మోసుకుని ఎదురొచ్చాడు. "నువ్వు అటు రాకు బావా" అన్నాడు. తను సందులో అడుగు, అంటే చక్రం, పెట్టలేదు.

"మిమ్మల్ని ముందు పెట్టి కంపెనీ నడుపుతామని ఎవరైనా వచ్చారా?"

సార్జెంటు మొదటిసారి కొంచెం నవ్వాడు. "పోయిన నెల మా బావమరిదికి తెలిసిన ఓ పెద్ద కాంట్రాక్టరు వచ్చాడు. పేరు మీది, పని మాది అన్నాడు. కుర్చీ కూడా ఇస్తాను, కాళ్లు తీయించుకుని వచ్చి కూర్చుంటావా అన్నాను. మళ్లీ రాలేదు."

"బావమరిది ఏమన్నాడు?"

"నాలుగు రోజులు మూతి ముడుచుకున్నాడు. కుర్రతనం." అతను కుర్చీని పిన్ని వైపు తిప్పుకున్నాడు. "అమ్మా, అర్హత సంగతి తర్వాత. ఆవిడ బతుకుతుందా? కాళ్లు తీసేసిన రోజు నేను చచ్చిపోతానని గోల పెడుతుంటే, ముందు గడ్డం గీసుకో, తర్వాత చద్దువుగాని అంది. ఆ మాటకే బతికాను. ఆవిణ్ణి నేను కొట్టానని ఆ ఇన్‌స్పెక్టరు అంటుంటే, ఏం సమాధానం చెప్పాలో తెలియట్లేదు."

పిన్నికి పొద్దున ఆసుపత్రిలో చూసిన సిస్టర్ గుర్తొచ్చింది. తలకి కట్టు, ఒంటి మీదినుంచి తీసి పక్కన పెట్టిన బూడిద రంగు కోటు, టోపీ. షెడ్డులోకి ఎవరొచ్చినా అవి తొడుక్కోవాల్సిందే, మిషన్లలో జుట్టూ బట్టా ఇరుక్కోకుండా. చేతులు శుభ్రంగా తెల్లగా ఉన్నాయి, అరచేతులు మాత్రం నల్లగా మసిబారి ఉన్నాయి. దుమ్ములో పడింది కదా అని అప్పుడు సరిపెట్టుకుంది.

బావమరిది సరుకు దించే తలుపు దగ్గర దొరికాడు. ముప్పై ఏళ్లుంటాయి, చక్కటి మనిషి, ఆసుపత్రికి కూడా రాత్రంతా తనే తిరిగాడట. అడక్కముందే నీళ్లు తెచ్చిచ్చాడు.

"ఇక్కడే నిలబడి తాళాలు సరిచూసుకుంటున్నాను మేడమ్. సిస్టర్ నా ముందునుంచే లోపలికి వెళ్లారు."

"నడుచుకుంటూ?"

"నడుచుకుంటూనే. భుజాన సంచి. కాసేపటికి మోత వినపడింది. ఇటునుంచే పరిగెత్తాను, ఎత్తుకుని ఇటే వచ్చాను."

"మీ బావ సందులోకి వెళ్లడం చూశారా?"

అతను తల దించుకున్నాడు. "అది నన్నడక్కండి. మా అక్క మొగుడు. నేను చూశానని చెప్పను, చూడలేదనీ చెప్పను."

ఎంత పద్ధతైన మనిషి అనిపించేలా చెప్పాడు. ఇన్‌స్పెక్టరుకి అలాగే అనిపించిందని అతని మొహమే చెబుతోంది. పిన్నికి మాత్రం లోపల ఏదో గుచ్చుకుంది, కానీ ఏమిటో తెలియలేదు. సమయం చూస్తే రెండూ నలభై. ఆమెకి కంగారు మొదలైంది.

సందు మనిషి రెండు చేతులు చాపితే అరలకి తగిలేంత ఉంటుంది. రబ్బరు పూసిన కాన్వాస్ చుట్టలు ఒకదానికొకటి అంటుకోకుండా తెల్ల పౌడరు చల్లుతారు. నిన్న మధ్యాహ్నం నేలంతా ఊడ్చి, కొత్త సరుకు వచ్చాక మళ్లీ చల్లారు, కాబట్టి నేల మీద పడిన ప్రతి గీతా నిన్న సాయంత్రానిదే. అవతలి చివర, పక్క నడవలోంచి కూడా ఎక్కగలిగే ఒక నిచ్చెన, అది అరల పైనున్న చెక్క అటక మీదికి వెళుతుంది.

"చూడండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, టార్చి వేసి. పొడిలో రెండు చక్రాల గీతలు తిన్నగా లోపలికి వెళ్లి, చుట్ట పడిన చోట ఆగాయి. "ఈ షెడ్డులో చక్రాల మీద తిరిగేది ఒక్కడే. సందులోకి రాలేదని ఒట్టేసి చెబుతున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"టేపు కావాలి" అంది పిన్ని.

కటింగు బల్ల మీది టేపు తెప్పించి రెండు గీతల మధ్య దూరం కొలిచింది. తర్వాత తలుపు బయట నేల మీద గుప్పెడు పౌడరు చల్లి, సార్జెంటుని పిలిపించి దాని మీదుగా కుర్చీ నడపమంది. అతను ఎందుకని అడక్కుండా నడిపాడు. పిన్ని వంగి కొలిచి, టేపు మీద బొటనవేలు అలాగే నొక్కిపట్టి ఇన్‌స్పెక్టరు ముక్కు కింద పెట్టింది. సార్జెంటు కుర్చీ గీతలు సందులో గీతల కంటే నాలుగు వేళ్ల మేర ఎక్కువ ఎడంగా ఉన్నాయి. పైగా అతని చక్రాలు లావువి, సందులో గీతలు సన్నవి.

ఇన్‌స్పెక్టరు తనూ ఓసారి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు అబద్ధమాడుతుందేమోనని దాని మొదలు కూడా చూసుకున్నాడు.

"ఇంకో కుర్చీ ఉండి ఉండొచ్చు" అన్నాడు చివరికి.

"ఉంటే వెతుకు. అందాకా ఏ ఆధారంతో తీసుకెళతావు? కమిటీ ముందు కాళ్లు లేని సైనికుణ్ణి తప్పుడు కేసులో ఈడ్చుకెళ్లానని రాయించుకుంటావా?"

అతను టేపు చుట్టేశాడు. కాపలా తీసెయ్యమని కానిస్టేబులుకి సైగ చేశాడు. "ప్రస్తుతానికే మేడమ్. నాలుగయ్యాక మళ్లీ చూద్దాం."

పిన్నికి గెలిచినట్టే అనిపించింది, దాచుకోకుండా నవ్వింది కూడా. బావమరిది ఎక్కణ్ణుంచి విన్నాడో పరుగున వచ్చి సార్జెంటు చెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికెళ్లి స్నానం చేసి బట్టలు మార్చుకుందువు రా బావా. అక్క కంగారు పడుతోంది. మూడున్నరకల్లా తిరిగొచ్చేద్దాం."

"వెళ్లిరండి" అంది పిన్ని. "ఆ గడ్డమూ గీసుకోండి." బావమరిది వ్యాను తలుపు దాకా తనే కుర్చీ తోసుకుంటూ వెళ్లింది. సార్జెంటు వ్యానులో కూర్చుని ఇంటికి ఫోన్ చేసి, "వస్తున్నా" అని భార్యకి చెప్పడం కూడా వింది.

వ్యాను మలుపు తిరిగింది. పిన్ని తిరిగి సందు దగ్గరికొచ్చి నిలబడింది. ఇందాక గుచ్చుకున్నదేదో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"ఇంకేం చూస్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సిస్టర్ అడుగులు."

అతను టార్చి వేశాడు. నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది. లోపలికి వెళ్లిన ఆడమనిషి చెప్పుల జాడ ఒక్కటీ లేదు. నడుచుకుంటూనే వెళ్లారు, భుజాన సంచి అని కదా బావమరిది చెప్పింది.

"ఎగిరి వెళ్లిందా ఏమిటి?" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

ఇద్దరూ అరల అంచు పట్టుకుని పక్కనుంచి లోపలికి జరిగారు. బూటు గుర్తులు మాత్రం ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు అవి బావమరిదివేనని నిన్నే తేల్చేశాడు, కాపాడిన మనిషివి కదా అని పట్టించుకోలేదు. పిన్ని ఇప్పుడు వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. సరుకు తలుపు వైపు బయటికి వెళ్లిన గుర్తులు లోతుగా, బరువు మోస్తున్నట్టు ఉన్నాయి. ఆ తలుపు వైపునుంచి లోపలికి వచ్చిన గుర్తు ఒక్కటైనా లేదు. వచ్చినవి అవతలినుంచి, నిచ్చెన మొదటి మెట్టు దగ్గర మొదలయ్యాయి.

"ఇటునుంచి పరిగెత్తాను అన్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"అటకమీంచి దిగాడు" అంది పిన్ని.

చుట్ట పడిన చోట కింది అర ముందు పౌడరు అడ్డంగా గీసుకుపోయి ఉంది. ఆమె చెయ్యి పెట్టి రెండు చుట్టల మధ్య తడిమింది. చల్లటి ఇనుము తగిలింది. ఇద్దరూ కలిసి లాగితే మడతపెట్టిన చక్రాల కుర్చీ బయటపడింది. సన్నటిది, తేలికైనది. వీపు ఆనించే కడ్డీ ఒకటి వంకర పోయింది. చక్రాలకి పాత మసి.

ఆ మసి చూడగానే సిస్టర్ అరచేతులు కళ్ల ముందు మెదిలాయి. పిన్ని ఫోన్ తీసి, సిస్టర్ చేత పోయినేడాది అర్హత తెచ్చుకున్న ప్రెస్సు యజమానికి కలిపింది. అతనూ కుర్చీ మనిషే.

"సిస్టర్ మీ ప్రెస్సులో ఉత్తుత్తి తనిఖీ ఎలా చేసింది?"

"కూర్చుని చేసింది" అన్నాడు అతను. "మడత కుర్చీ తెచ్చుకుంటుందండీ. మేం తిరిగే ప్రతి చోటా దాంట్లో కూర్చుని తనే తోసుకుంటూ తిరుగుతుంది. ఏ గడప తగులుతుందో, ఏ అర అందదో నిలబడితే తెలియదంటుంది. మా ప్రెస్సు మూడు చోట్ల పగలగొట్టించింది. ఆవిడకెలా ఉందండీ?"

పిన్ని ఫోన్ పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ వంకర కడ్డీని తడిమాడు.

"అయితే సిస్టర్‌ని వాడెందుకు కొట్టినట్టు?"

"సిస్టర్‌ని కాదు. పైకెక్కి చూడు."

అతను నిచ్చెనెక్కి అటక మీద బోర్లా పడుకున్నాడు. పిన్ని పక్కన వేలాడుతున్న బూడిద రంగు కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కుర్చీ విప్పి అందులో కూర్చుంది. "ఏం కనపడుతోంది?"

పైనుంచి జవాబు వచ్చింది. "టోపీ. భుజాలు. రెండు చక్రాలు."

"నిన్న సాయంత్రం, వెలుగు తగ్గాక. రోజూ ఆ వేళకి ఆ సందులోకి చక్రాల మీద వచ్చేది ఎవరు?"

ఇన్‌స్పెక్టరు దిగుతూ ఒక మెట్టు తప్పి గట్టిగా పట్టుకున్నాడు. "చుట్ట తోసింది సార్జెంటు మీదికి. దిగి చూస్తే సిస్టర్. అందుకే కుర్చీ దాచాడు. నడిచి వెళ్లిందన్నాడు. అది దొరికితే ఎవరికోసం తోశాడో ఎవరికైనా అర్థమైపోతుంది." అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "కానీ సార్జెంటు పోతే కంపెనీ పోతుంది కదా. వాడికేం లాభం?"

"అది నువ్వే చెప్పాలి. ఆ రూల్సన్నీ కంఠతా వచ్చినవాడివి నువ్వు. అర్హత ఉన్న సైనికుడు చనిపోతే కంపెనీ ఏమవుతుంది?"

అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, కానీ ప్రతి మాటకీ మొహం పాలిపోతూ వచ్చింది. "భార్య పేరు మీదికి మారుతుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకపోతే కొన్నేళ్లు అదే అర్హత నడుస్తుంది. దరఖాస్తు ముందే వేసి ఉంటే చాలు, తనిఖీ రోజున ఆమె కూర్చున్నా చెల్లుతుంది."

"ఆమె తమ్ముడి మాట జవదాటదు. తమ్ముడు ఆ కాంట్రాక్టరు మాట జవదాటడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి రావడం ఇదే మొదలు, అది ఇద్దరికీ సంతోషం కలిగించలేదు. నిన్నటినుంచి సార్జెంటు పక్కన కానిస్టేబులు ఉన్నాడు. తెలిసో తెలియకో ఇన్‌స్పెక్టరే అతన్ని కాపాడుతూ వచ్చాడు. ఆ కాపలా తీయించింది పిన్ని. వ్యాను దాకా కుర్చీ తోసిందీ తనే.

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పరిగెత్తుతున్నాడు. బావమరిది ఫోన్ ఆపేసి ఉంది. సార్జెంటుది మోగి మోగి ఆగిపోయింది. "తెల్ల వ్యాను, అన్ని రోడ్లూ ఆపండి" అని అతను జీపు వైర్‌లెస్‌లో అరుస్తుంటే, పిన్ని చేతిలో ఫోన్ మోగింది. సార్జెంటు భార్య.

"ఇల్లు చేరారా అమ్మా?" అంది పిన్ని.

"ఇంకా లేదు పిన్నిగారూ, అందుకే చేస్తున్నా. ఇందాక ఆయనే ఫోన్ చేసి వస్తున్నా అన్నారు, గొంతు ఎంత హుషారుగా ఉందో. మీ దయవల్లే. కానీ ఇప్పుడే తమ్ముడు ఎవరి ఫోన్నుంచో చేశాడు, నాకేమీ అర్థం కావట్లేదు."

"ఏమన్నాడు?"

"బట్టలు మార్చుకుని షెడ్డుకి వచ్చెయ్యమన్నాడు. నాలుగింటికి కమిటీ ముందు బావ బదులు నేనే కూర్చోవాలట."